అలర్ట్ వస్తే వెళ్లేదెవరు?

మా కస్టమర్లందరికీ నమస్కారం.

డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లు సొంత ఇంట్లోనే ఉండగలిగేలా సెన్సర్లు బిగించడం మా పని. ఇకమీదట కొత్త ఆర్డర్ తీసుకునే ముందు ఒక ప్రశ్న అడుగుతాం: అర్ధరాత్రి అలర్ట్ వస్తే వెళ్లి తలుపు తట్టేదెవరు? దగ్గర్లో ఉండే ఇద్దరి ఫోన్ నంబర్లు ఇవ్వలేకపోతే బిగించం. కొన్ని బేరాలు పోతాయి, పోనివ్వండి.

ఎందుకంటే, ఈ పరికరాలకు తెలిసేది కొంచెమే. గోడకు పెట్టే మోషన్ సెన్సర్ ఒంటి వేడి అటూ ఇటూ కదిలితేనే పసిగడుతుంది. కుర్చీలో కునుకు తీస్తున్న మనిషీ, కిందపడి లేవలేని మనిషీ దానికి ఒకటే. తలుపు సెన్సర్‌లో ఉండేది ఒక అయస్కాంతం, ఒక స్విచ్. తలుపు తెరిచారని చెబుతుంది. బయటికి వెళ్లిపోయారో, తొంగిచూసి వెనక్కి వచ్చారో చెప్పలేదు. అది మనిషే చూడాలి.

అలవాటు మారితే మాత్రం బాగా పట్టిస్తాయి. రాత్రి ఒక్కసారి బాత్రూమ్‌కి లేచే పెద్దాయన వరసగా నాలుగైదుసార్లు లేస్తుంటే యాప్‌లో తెలిసిపోతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. పెద్ద వయసులో దానివల్ల ఉన్నట్టుండి అయోమయం పెరుగుతుంది. జబ్బు ముదిరిందిలే అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి.

ఇవి పెడితే కేర్ హోమ్‌కి వెళ్లే అవసరం వాయిదా పడుతుందా అని చాలామంది అడుగుతారు. ఇంగ్లండ్‌లో 495 మందితో చేసిన 'అటిలా' ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. ఇలాంటి పరికరాలు పూర్తిస్థాయిలో పెట్టినవాళ్లకీ, పొగ అలారం లాంటి మామూలు వాటితో సరిపెట్టినవాళ్లకీ ఇంట్లో ఉండగలిగిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అందుకే ఆ హామీ మేం ఇవ్వం.

ఇంకో మాట. ఆ ఇంట్లో ఉండే మనిషికి తెలియకుండా బిగించమని అడగొద్దు. మొదటి దశలో ఉన్నవాళ్లలో చాలామంది చెబితే అర్థం చేసుకుంటారు. చెప్పకపోతే, గోడ మీద కొత్తగా మెరిసే ఎర్రదీపాన్ని చూసి భయపడి పీకేస్తారు. (న్యాయం వాళ్ల వైపే ఉందంటాను.)

పాత కస్టమర్లకు ఈ షరతు లేదు. కానీ యాప్‌లో రెండో నంబరు ఖాళీగా ఉంటే నింపండి. బ్యాటరీ తగ్గిందన్న మెసేజ్‌ను పక్కన పెట్టకండి. బ్యాటరీ అయిపోయిన సెన్సర్ కూడా ఎవరూ కదలనట్టే మౌనంగా ఉంటుంది.