నూనెకు ముందు నీళ్లు

చి॥ల॥సౌ॥ అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మాధవరంలో మేమంతా క్షేమం. నిన్న నువ్వు పంపిన ఫోటోను మీ అమ్మ ఫోనులో పెద్దది చేసి చూపించింది. నీ రైఫిల్ బ్యారెల్‌లో నుంచి లాగిన ఆ తెల్ల గుడ్డ ముక్క మీద అంచుల వెంట ముదురుగా, మధ్యలో పల్చగా ఇటుకపొడి రంగు మరక ఉంది. అది మసి కాదు, కొత్తగా పట్టిన తుప్పు. ఆదివారమే తుడిచి, మంచి నూనె రాసి పెట్టాను కదా, బుధవారానికే ఇదెలా వచ్చిందని అడిగావు. నీ వైపు నుంచి అశ్రద్ధ ఏమీ లేదమ్మా. నూనెకు ముందు చేయవలసిన పని ఒకటి ఉందని నీకెవరూ చెప్పలేదు. నువ్వు ఆ పాత రష్యన్ రైఫిల్, మోసిన్ నాగాంత్, కొన్నానని చెప్పిన రోజే నేను చెప్పి ఉండవలసింది.

నువ్వు వాడుతున్నవి సోవియట్ కాలంలో సీలు వేసిన రేకు డబ్బాలలోని, డబ్బాకు 440 చొప్పున వచ్చే, పాత 7.62 తూటాలు. వాటి ప్రైమర్‌లో, అంటే పిన్ను తగలగానే నిప్పు పుట్టించే ఆ చిన్న మూతలో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది దశాబ్దాలు నిలవ ఉన్నా చెడదు, గడ్డకట్టే చలిలోనూ పేలుతుంది. అందుకే సోవియట్ సైన్యం దానిని అంతకాలం వదలలేదు. కాలిన తరువాత అది పొటాషియం క్లోరైడ్‌గా మారుతుంది. పేరు పెద్దదైనా అది ఒక రకం ఉప్పే, మన వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. ప్రతి గుండుతోనూ ఈ ఉప్పు పొగలో కలిసి బ్యారెల్ గాడుల మీద, తూటాను లోపలికి తోసి తలుపులా మూసే బోల్టు ముఖం మీద కంటికి కనిపించనంత పల్చగా పరుచుకుంటుంది. వానాకాలంలో మన ఉప్పు జాడీ ఎలా చెమర్చి నీరు కారుతుందో, సముద్రపు తేమలో మునిగి ఉండే మీ హ్యూస్టన్‌లో ఆ పొర కూడా అలాగే గాలిలోని నీటిని లాక్కుంటుంది. ఉప్పునీరు ఇనుము మీద నిలిచిన తరువాత తుప్పుకు ఇంకేం కావాలి? ఉప్పు చేతులతో కత్తిపీట ముట్టుకోవద్దని మీ నాయనమ్మ ఎందుకు కోప్పడేదో నీకు గుర్తుండే ఉంటుంది.

మరి నూనె ఎందుకు కాపాడలేదంటావా? ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనెను ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడు. కారం చురుక్కుమంటుంది గాని ఉప్పదనం తగలదు, ఎందుకంటే ఉప్పు నూనెలో కరగదు. నువ్వు రాసిన నూనె ఉప్పును కరిగించలేదు, కదిలించలేదు, దాని మీద దుప్పటిలా కప్పుకుంది, అంతే. దాని కింద ఉప్పు తన పని తాను చేసుకుపోయింది. ఉప్పును కరిగించేది నీరు. వంద మిల్లీలీటర్ల మామూలు నీటిలో ఈ ఉప్పు 34 గ్రాముల దాకా కరుగుతుంది, మరుగుతున్న నీటిలోనైతే 56 గ్రాముల దాకా. నీ బ్యారెల్‌లో మిగిలేది అందులో ఆవగింజంత కూడా ఉండదు కనుక, నీళ్లు పోస్తే చాలు, పోయి తీరుతుంది.

ఈ సంగతి పెద్దలకు కూడా ఆలస్యంగానే తెలిసింది. తూటాలోని పొగలేని మందు కాలినప్పుడు మిగిలే ఆమ్లమే ఇనుమును తినేస్తోందని చాలాకాలం నమ్మి, సోడా ద్రావణాలతోనూ అమ్మోనియాతోనూ దానికి విరుగుడు చేయబోయారు. అసలు దోషి ప్రైమర్ వదిలిన ఉప్పేనని అమెరికా గనుల శాఖలో పనిచేసిన విల్బర్ట్ హఫ్ పరిశోధన 1922లో తేల్చింది. అయినా ఆ పాత నమ్మకం ఇంకా చావలేదు. అద్దాలు తుడిచే విండెక్స్ కొడితే అందులోని అమ్మోనియా ఉప్పును విరిచేస్తుందని నీకు కాల్పులు సాధన చేసే రేంజిలో ఎవరో చెప్పారన్నావు. ఉప్పుకు విరుగుడంటూ లేదమ్మా, కడిగి పారబోయడమే. విండెక్స్ పనిచేస్తే అది అందులో ఉన్న నీటి వల్ల. అమ్మోనియా గుండు తొడుగు నుంచి బ్యారెల్‌లో అంటుకున్న రాగిని కరిగిస్తుంది, అది వేరే సంగతి.

నేను సిపాయిగా చేరిన రెండో ఏడు మాకు ఇషాపూర్‌లో తయారైన .303 రైఫిళ్లు ఉండేవి. ఆ తూటాలు కూడా ఈ జాతివే. ఫైరింగ్ అయ్యాక లంగరులో, అంటే మా వంటశాలలో, మరిగించిన నీళ్లను గరాటుతో బ్యారెల్‌లో పోసి కడగాలని నియమం. ఆ రోజు ముసురు పట్టి ఉంది. నా వంతు వచ్చేసరికి డేగిసాలో నీళ్లు అయిపోయాయి, మళ్లీ కాగే వరకు నిలబడే ఓపిక లేక, పుల్‌త్రూకు, అంటే బ్యారెల్ తుడిచే తాడుకు, చిందీ గుడ్డ చుట్టి నాలుగుసార్లు లాగి, నూనె మాత్రం ధారాళంగా పట్టించి, రైఫిల్‌ను కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, అప్పగించి వచ్చేశాను. పది రోజుల తరువాత తనిఖీలో నా బ్యారెల్‌ను వెలుతురుకు ఎత్తి చూసిన ఉస్తాద్ ఒక్క మాటా అనకుండా దాన్ని నా కంటికి ఆనించాడు. అద్దంలా మెరవవలసిన గాడులు చెదలు తిన్న వాసంలా గుంటలు పడి కనిపించాయి. ఎంత రుద్దినా ఆ గుంటలు మళ్లీ పూడలేదు. ఇన్నేళ్లయినా ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఇకనుంచి ఇలా చెయ్యి. కాల్చిన రోజు సాయంత్రమే, మరునాటికి వాయిదా వేయకుండా, ముందు తూటా కూర్చునే చాంబర్, తూటాలు నింపే మ్యాగజైన్ ఖాళీగా ఉన్నాయని కంటితోనూ వేలితోనూ చూసుకుని బోల్టు తీసెయ్యి. మూతి కిందికి ఉండేలా రైఫిల్‌ను ఒక బకెట్‌లో నిలబెట్టి, గరాటుకు చిన్న రబ్బరు గొట్టం తగిలించి, దాని కొసను చాంబర్‌లోకి దించి, మరుగుతున్న నీళ్లు రెండు లీటర్లు మెల్లగా పొయ్యి. గొట్టం లేకపోతే నీళ్లు చెక్కలోకి దిగి, బ్యారెల్ బయటివైపు నుంచి తుప్పు పడుతుంది. ఇనుము వేడెక్కి చేయి కాలుతుంది కనుక మందపాటి గుడ్డతో పట్టుకో. ఆ వేడికే లోపలి తడి చాలావరకు ఆరిపోతుంది, వేన్నీళ్ల వల్ల కలిగే రెండో లాభం అదే. తరువాత పొడి చిందీలు తెల్లగా బయటికి వచ్చే వరకు చాంబర్ వైపు నుంచే లాగు. మసి, రాగి వదలడానికి నువ్వు వాడే ద్రావణం ఆ తరువాత, నూనె అన్నిటికంటే చివర. మూతి అంచు ఒరుసుకుంటే గురి చెడుతుంది, బ్యారెల్ తుడిచే కడ్డీ అక్కడ తగలకుండా చూసుకో. ఆ మసిలో సీసం ఉంటుంది కనుక ఈ పని వంటింట్లో పెట్టుకోకు. పని కాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి.

బోల్టును మరిచిపోయేవాళ్లే ఎక్కువ. మోసిన్ బోల్టు పనిముట్లు లేకుండానే విడిపోతుంది. బోల్టు తల, ఖాళీ తొడుగును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ సందు, ఫైరింగ్ పిన్ను కొస, వీటన్నిటినీ వేన్నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, పల్చగా నూనె రాయాలి. తిరిగి బిగించేటప్పుడు రైఫిల్‌తో వచ్చిన పనిముట్టు మీద 75, 95 అని గాట్లు ఉంటాయి చూడు. పిన్ను కొస 75 గాటులో తగలాలి, 95లో తగలకూడదు. ఎక్కువ బయటికి వస్తే ప్రైమర్‌ను చీల్చేస్తుంది.

ఇప్పటికి పట్టిన తుప్పు గురించి దిగులు పడకు. మూడు రోజులదే కనుక పైపైనే ఉండి ఉంటుంది. ఈ రాత్రే వేన్నీళ్లు పోసి, నూనెలో తడిపిన కంచు బ్రష్‌తో పది పన్నెండు సార్లు లాగి, మళ్లీ నూనె పట్టించి పెట్టు. శుక్రవారం ఒక పొడి చిందీ, ఆదివారం ఇంకొకటి లాగి, రెండింటినీ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి నాకు ఫోటో తీసి పంపు. రంగు కనిపిస్తే ఇంకా ఉప్పు ఉన్నట్టే, మళ్లీ నీళ్లు పెట్టాలి.

అల్లుడుగారికి మా ఆశీస్సులు.

ఇట్లు,
మీ నాన్న