చిత్రాలతో పాటు ఉత్తరాలూ దాచండి

సంపాదకులకు,

పేరున్న చిత్రకారుడు పోగానే కాన్వాసుల కోసం వేలం సంస్థలు వాలిపోతాయి. ఆయన స్నేహితులకు రాసిన ఉత్తరాలు, స్టూడియోలో చూసినదాని గురించి ఆ స్నేహితులు డైరీల్లో రాసుకున్న మాటలు మాత్రం ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్లిపోతుంటాయి.

నైరూప్య చిత్రకళకు ఇది మరీ పెద్ద నష్టం. అందులో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, ఒక్కోసారి పేరు కూడా ఉండదు. అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పోలాక్ తన చిత్రాల్లో చాలావాటికి అంకెలే పెట్టాడు. మొదటిసారి ఇలాంటి చిత్రం ముందు నిలబడి, ఏం చూడాలో తెలియక వెనక్కి వచ్చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. రంగు ఎలా పడిందో, చిత్రకారుడు ఎక్కడ ఆగాడో, దేన్ని చెరిపేశాడో చెప్పగలిగేది ఆ గదిలో కూర్చున్నవాడే.

పోలాక్‌కి అలాంటి స్నేహితుడు బి.హెచ్. ఫ్రీడ్‌మన్. నవలలు రాశాడు, చిత్రాలు సేకరించాడు. పోలాక్ 1956లో, 44 ఏళ్లకే, కారు ప్రమాదంలో చనిపోయాడు. 1972లో ఫ్రీడ్‌మన్ ఆయన జీవితచరిత్ర తెచ్చాడు. మన దేశంలోనూ ఈ స్నేహాలు తక్కువేం కాదు. 1963లో చిత్రకారుడు జె. స్వామినాథన్, ఆయన మిత్రులు ‘గ్రూప్ 1890’ అనే కళాకారుల బృందంగా ఢిల్లీలో ప్రదర్శన పెడితే, కేటలాగ్‌కి ముందుమాట రాసింది అప్పటి మెక్సికో రాయబారి, కవి ఆక్టేవియో పాజ్. చిత్రకారులు ఎస్.హెచ్. రజా, కృష్ణ్ ఖన్నా ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు పుస్తకంగా రాబట్టే ఈరోజు మనం చదవగలుగుతున్నాం.

చిత్రాలు కొన్న స్నేహితుడే వాటిని పొగిడితే ధర పెంచడానికేమో అని కొందరు అనుమానిస్తారు. ఆ అనుమానం న్యాయమైనదే. అందుకే కొనుగోలు రసీదులు కూడా ఉత్తరాల పక్కనే ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఎంతకు కొన్నారో చదివేవాళ్లకు తెలియాలి.

అమెరికాలో కళాకారుల కాగితాలు దాచడానికే 1954లో ఒక ఆర్కైవ్ మొదలైంది. 1970లో అది అక్కడి పెద్ద మ్యూజియంల సంస్థ స్మిత్‌సోనియన్‌లో భాగమైంది. మన లలిత కళా అకాడమీ, నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ కూడా 1954లో మొదలైనవే. ఒక సేకరణను తీసుకునేటప్పుడు చిత్రాలతో పాటు ఉత్తరాలు, డైరీలు, ఫోటోలు కూడా అడగమని ఈ సంస్థలను కోరుతున్నాను. అసలు ప్రతులు ఇవ్వడం కుటుంబానికి ఇష్టం లేకపోతే స్కాన్ చేసుకుని తిరిగి ఇచ్చేయవచ్చు. మరీ సొంత విషయాలుంటే, ఆ కాగితాలను కుటుంబం చెప్పినన్నేళ్లు మూసి ఉంచవచ్చు. చిత్రకారుల వారసులు కూడా పెద్దవాళ్లవుతున్నారు. దయచేసి ఇప్పుడే అడగండి.

– ఒక పాఠకురాలు