బీచ్ లీజు: భూమి కౌంటీది, పన్ను ఎవరిది?

సంపాదకులకు,

ఫ్లోరిడాలోని పెన్సకోలా బీచ్, నవారే బీచ్‌లలో ఇల్లో కాండోనో (అపార్ట్‌మెంట్ ఫ్లాట్) కొనబోయేవాళ్లకు "భూమి కౌంటీది (అక్కడి జిల్లా ప్రభుత్వానిది), మీది ఉత్త లీజు. ప్రాపర్టీ టాక్స్ వేస్తే కోర్టులో కొట్టేయించుకోవచ్చు" అని ధైర్యం చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు.

మొదటి మాట నిజమే. సాంటా రోసా దీవిలోని ఆ భూమిని 1947లో కేంద్ర ప్రభుత్వం ఎస్కాంబియా కౌంటీకి రాసిస్తూ, లీజుకివ్వొచ్చు గానీ అమ్మకూడదని షరతు పెట్టింది. అందుకే అక్కడ 99 ఏళ్ల లీజులు. రెండో మాటకు మాత్రం 2014లోనే కాలం చెల్లింది. ఆ ఏడాది ఫ్లోరిడా సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. కట్టడాన్ని ఓనరులా అనుభవించేది లీజుదారే కనుక దాని పన్ను ఆయనే కట్టాలని పెన్సకోలా బీచ్ కేసులో తేల్చింది. లీజును ఎన్నిసార్లయినా పొడిగించుకునే హక్కుంటే కింద ఉన్న భూమికీ కట్టాల్సిందేనని నవారే కేసులో చెప్పింది. 100 ఏళ్లు, ఆపై లీజునే సొంత ఆస్తిగా లెక్కించాలని చట్టంలో ఉంది, మాది 99 కదా అన్న వాదన నిలవలేదు.

కాబట్టి భూమి పన్ను పేచీ అంతా ఇప్పుడు రెన్యువల్ క్లాజు (లీజు పొడిగింపు షరతు) చుట్టూనే. గడువు తీరాక లీజు దానంతటదే మళ్లీ మళ్లీ రెన్యూ అవుతుందా? అయితే లాయరు ఫీజు దండగ. అప్పటి షరతులు కుదిరితేనే పొడిగింపా? అప్పుడు వాదనకు చోటుంది. మూల లీజుతో పాటు తర్వాతి సవరణ పత్రాలూ చదవాలి. క్లాజు అక్కడ మారి ఉండొచ్చు.

గడువు దాటితే బలమైన కేసులు కూడా ఓడిపోతాయి. ఆస్తి విలువ, వేయబోయే పన్ను చెబుతూ ఆగస్టులో వచ్చే ట్రిమ్ నోటీసు మీద "ఇది బిల్లు కాదు" అని ఉంటుంది. అది చూసి పక్కన పడేస్తారు. ఇలాంటి అభ్యంతరాలు వినే కౌంటీ వాల్యూ అడ్జస్ట్‌మెంట్ బోర్డుకు విలువ మీద పిటిషన్ వేయడానికి ఆ నోటీసు పోస్టు చేసిన నాటి నుంచి 25 రోజులే గడువు. నేరుగా కోర్టుకెళ్తే, పన్ను జాబితా వసూలుకు సర్టిఫై అయిన రోజు నుంచి 60 రోజులు. నవంబరులో బిల్లు చేతికొచ్చిన రోజు నుంచి కాదు. అసలు పన్నే వర్తించదన్న వాదనకూ ఈ 60 రోజులే వర్తిస్తాయని 2004లోనే తీర్పుంది.

కేసు వేసినంత మాత్రాన పన్ను చెల్లించడం ఆపకూడదు. నిజాయితీగా బాకీ ఉన్నామని ఒప్పుకునే మొత్తం ముందే కట్టాలి. బిల్లు 6,000 డాలర్లు, అందులో భూమి భాగం 2,500 మీదే పేచీ అనుకుందాం. అప్పుడు మిగిలిన 3,500 కట్టి రసీదు జతచేయాలి. ఇంటి కట్టడం మీద పన్ను సంగతి 2014లోనే తేలింది కనుక "బాకీ సున్నా" అంటే చెల్లదు. కేసు నడిచే తర్వాతి ఏళ్లలోనూ ఇలాగే ఏప్రిల్ 1 లోపు కట్టాలి. ఒక్క ఏడాది తప్పినా కేసు కొట్టేస్తారు. నవంబరులో కడితే 4 శాతం తగ్గింపు ఎలాగూ ఉంది.

ఇంకో సంగతి. అసలు గడువు 98 ఏళ్లు, ఆపై ఉన్న లీజు ఇంట్లో శాశ్వతంగా ఉండేవాళ్లకు హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా నివసించే ఇంటికి పన్ను తగ్గింపు) వస్తుంది. మార్చి 1 లోపు దరఖాస్తు చేయాలి. అద్దెకిచ్చే కాండోకు అది రాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు