పింఛనులో పన్ను తప్పుగా కోస్తే అర్జీ ఎవరికి పెట్టాలి?

సంపాదకులకు,

ఫిబ్రవరి పింఛను మార్చి ఒకటిన ఖాతాలో పడగానే సబ్ ట్రెజరీల దగ్గర ఏటా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: 'ఈ నెల ఇంత తగ్గిందేమిటి?' 2025-26 ఆదాయానికి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను రద్దయ్యే రిబేటు ఉంది. దానికి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలిస్తే, వేరే ఆదాయం లేనివారికి 12.75 లక్షల వరకూ పింఛను మీద పన్ను పడదు. అయినా కోత పడిందంటే మొదట చూడాల్సింది లెక్క సరిగ్గా కట్టారా లేదా అని. చాలామంది ఆదాయపన్ను కార్యాలయానికి పరుగెత్తుతారు. అక్కడ చేయగలిగింది తక్కువ. పన్ను కోసింది ట్రెజరీ అయితే సబ్ ట్రెజరీ అధికారి (ఎస్టీఓ), బ్యాంకు అయితే దాని కేంద్రీకృత పింఛను కేంద్రం సరిదిద్దాలి. ఎవరు కోశారో, మన పాన్ మీద జమైన పన్నును చూపే ఫారం 26ఏఎస్‌లో ట్యాన్ (పన్ను కోసే సంస్థ గుర్తింపు) నంబరు పక్కనే ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న తప్పు సొంత పింఛనునూ ఫ్యామిలీ పెన్షన్‌నూ కలిపేయడం. తాను రిటైరై, చనిపోయిన భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షన్ కూడా తీసుకుంటున్న టీచర్లు, నర్సులు మన రెండు రాష్ట్రాల్లో బోలెడుమంది. ఆదాయపన్ను చట్టం దృష్టిలో ఈ రెండూ వేర్వేరు. సొంత పింఛను జీతంతో సమానం, దానికి సెక్షన్ 192 కింద టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే పన్ను కోత, ఉంటుంది. ఫ్యామిలీ పెన్షన్ 'ఇతర ఆదాయం', దానికి సెక్షన్ 192 వర్తించదు, టీడీఎస్ కోయకూడదు, ఫారం 16 (కోసిన పన్నుకు ధ్రువపత్రం) ఇవ్వనక్కర్లేదు. దానికి స్టాండర్డ్ డిడక్షన్ లేదు కానీ మొత్తంలో మూడో వంతు లేదా 25 వేలు, ఏది తక్కువైతే అది విడిగా మినహాయింపు. పాత విధానం ఎంచుకుంటే ఈ పరిమితి 15 వేలే.

లెక్క వేసి చూడండి. సొంత పింఛను నెలకు 78 వేలు, ఫ్యామిలీ పెన్షన్ 30 వేలు. ఏడాదికి 9.36 లక్షలు, 3.60 లక్షలు. రెండూ ఒకే పాన్ మీద ఉన్నాయని కంప్యూటరు కలిపేస్తే 12.96 లక్షలు. అందులో 75 వేలు పోగా 12.21 లక్షలు. పన్నెండు లక్షలు దాటింది 21 వేలు కాబట్టి, దాటిన మొత్తం కన్నా పన్ను ఎక్కువ కాకుండా ఆపే మార్జినల్ రిలీఫ్ తర్వాత పన్ను 21,000, సెస్సు 840, వెరసి 21,840 రూపాయలు. సరైన పద్ధతిలో అయితే 9.36లో 75 వేలు, 3.60లో 25 వేలు తీసేస్తే మిగిలేది 11.96 లక్షలు. పన్ను సున్నా. వేరే ఆదాయం లేకపోతేనే ఈ లెక్క. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ ఉంటే రిటర్నులో కలపాల్సిందే. ఆ పని పింఛనుదారుది. ట్రెజరీ మాత్రం సొంత పింఛను వరకే చూడాలి.

దీని వెనకే ఇంకో తప్పు దాక్కుని ఉంటుంది. పింఛనుదారు చనిపోయాక భార్యకు ఫ్యామిలీ పెన్షన్ మొదలవుతుంది, రికార్డులో పాన్ మాత్రం భర్తదే మిగిలిపోతుంది. కోసిన పన్ను పోయినాయన పేరు మీద జమవుతుంది. ఆమె 26ఏఎస్‌లో ఏమీ కనబడదు. ఫ్యామిలీ పెన్షన్ మంజూరైన నెలలోనే ఆమె పాన్, ఆధార్ ప్రతులు ఇచ్చి, పాత పాన్ తీసేశారో లేదో అడిగి తెలుసుకోవడం ఇంట్లో వాళ్ల బాధ్యత. పాన్, ఆధార్ అనుసంధానం కాక పాన్ నిద్రాణమైతే, పన్ను పడేంత సొంత పింఛను ఉన్నవారికి కనీసం 20 శాతం కోస్తారు. ఆదాయం పన్ను పరిమితి లోపే ఉంటే ఆ కోత వర్తించదు. ఈ మినహాయింపు కొందరు అకౌంటెంట్లకు గుర్తుండదు.

ఇక కమ్యుటేషన్, అంటే పింఛనులో కొంత భాగం వదులుకుని దానికి బదులు ఒకేసారి సొమ్ము తీసుకోవడం. బేసిక్ పింఛను 60 వేలు, 40 శాతం కమ్యూట్ చేస్తే నెలకు 24 వేలు తగ్గి 36 వేలు వస్తుంది, డీఆర్ (కరవు భృతి) మాత్రం 60 వేల మీదే కడతారు. పన్ను వేయాల్సింది చేతికొచ్చే 36 వేలు, డీఆర్‌ల మీద. స్లిప్పులో పైన ఉన్న 60 వేలను పట్టుకుని లెక్క కడితే ఏడాదికి 2.88 లక్షలు రాని ఆదాయం చేరిపోతుంది. ప్రభుత్వ ఉద్యోగికి ఒక్కసారిగా వచ్చిన కమ్యుటేషన్ మొత్తానికి సెక్షన్ 10(10ఏ) కింద పూర్తి మినహాయింపు, కొత్త విధానంలో కూడా. పదిహేనేళ్ల తర్వాత కమ్యూట్ చేసిన భాగం పునరుద్ధరించాక మాత్రం అది పన్ను లెక్కలోకి వస్తుంది.

డీఆర్ బకాయిలు ఒకేసారి పడిన ఏడాది, వాటివల్ల పెరిగిన పన్నుకు సెక్షన్ 89 ఉపశమనం అడగవచ్చు. ఏ నెలకు ఎంత రావాలి, ఎంత వచ్చింది అనే డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంటు ట్రెజరీ నుంచి తీసుకోకపోతే ఆ ఉపశమనానికి వేసే ఫారం 10ఈ నింపలేం. ఆ ఫారం ఆదాయపన్ను పోర్టల్లో రిటర్ను కన్నా ముందే దాఖలు కావాలి. తర్వాత వేస్తే ఉపశమనం కొట్టేసి డిమాండు పంపుతారు. ప్రభుత్వ పింఛనుదారు ఈ వివరాలు ముందే ఇస్తే ఎస్టీఓయే ఉపశమనం పోగా టీడీఎస్ కోయవచ్చని సెక్షన్ 192(2ఏ) చెబుతోంది. ఆ అవకాశాన్ని వాడుకునేవారు అరుదు.

ఫారం 15హెచ్ ఇచ్చాం కదా, పింఛనులో ఎందుకు కోశారని అడిగేవారికి ఒక్క మాట: అది డిపాజిట్ల వడ్డీ లాంటి వాటికే. పింఛనుకు పనికిరాదు.

ఇక అర్జీ. మార్చి 31 లోపు తప్పు కనబడితే పని సులువు. ఎక్కువ కోసినదాన్ని అదే ఏడాది మిగిలిన నెలల్లో సర్దే అధికారం సెక్షన్ 192(3) ఇస్తుంది. కాబట్టి పాత విధానమా కొత్తదా అన్న ఎంపిక, కమ్యుటేషన్ వివరం, రెండు పింఛన్ల పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబర్లు డిసెంబరులోనే తెల్లకాగితం మీద రాసిచ్చి అక్‌నాలెడ్జ్‌మెంటు తీసుకోవాలి. ఎంపిక చెప్పకపోతే కొత్త విధానంలోనే కోస్తారు. రిటర్ను వేళ మార్చుకునే వీలు ఎటూ ఉంది.

ఏడాది దాటాక రెండు దారులు. ఎక్కువ కోసినా ఆ మొత్తం 26ఏఎస్‌లో సరిగ్గా కనబడితే ట్రెజరీ చుట్టూ తిరగక్కర్లేదు. రిటర్ను వేసి రిఫండు తీసుకోవడమే. కోసింది కనబడకపోయినా, వేరే పాన్ మీద పడినా, ఫ్యామిలీ పెన్షన్ జీతంగా నమోదైనా ట్రెజరీ త్రైమాసిక స్టేట్‌మెంటు 24క్యూను సవరించాలి. ఫ్యామిలీ పెన్షన్ విషయంలో దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ముందే నిండి వచ్చే రిటర్నులో అది జీతం కింద పడుతుంది. మనం దాన్ని ఇతర ఆదాయంలోకి మార్చి టీడీఎస్ అడిగితే, జీతం చూపలేదేమని 139(9) కింద లోపాల నోటీసు రావచ్చు.

అసలు కోసిన డబ్బు 26ఏఎస్‌కు ఎందుకు చేరదు? ట్రెజరీ టీడీఎస్‌ను చలానాతో బ్యాంకులో కట్టదు, పుస్తక సర్దుబాటు చేస్తుంది. ఖాతాల అధికారి నెలనెలా 24జీ అనే స్టేట్‌మెంటు దాఖలు చేస్తే బిన్ అనే గుర్తింపు సంఖ్య వస్తుంది. 24క్యూలో ఆ బిన్ వివరాలు, మొత్తం అచ్చంగా సరిపోవాలి. డీడీవో (బిల్లులు డ్రా చేసే అధికారి) సీరియల్ నంబరులో ఒక అంకె తేడా వచ్చినా జత కుదరదు. 26ఏఎస్‌లో బుకింగ్ స్థితి 'ఎఫ్' అని ఉంటే సరే. 'యూ' అని ఉంటే బిన్ కుదరలేదని అర్థం. ఈ ఒక్క అక్షరం చెబితే అకౌంటెంటు వెతుకులాట సగం తగ్గుతుంది.

అర్జీలో పేరు, పీపీవో నంబరు, పాన్, ట్రెజరీ ట్యాన్, ఆర్థిక సంవత్సరం, త్రైమాసికం, నెలవారీగా కోసిన మొత్తం, 26ఏఎస్‌లో ఉన్న మొత్తం రాయాలి. స్లిప్పులు, పాస్‌బుక్ పేజీలు, 26ఏఎస్ ప్రింటు జతచేయాలి. '24క్యూ సవరణ స్టేట్‌మెంటు దాఖలు చేసి, ట్రేసెస్ (టీడీఎస్ పోర్టల్) నుంచి కొత్త ఫారం 16 ఇప్పించండి' అని స్పష్టంగా అడగాలి. 'చూస్తాం' అన్న మాట కాకుండా సవరణ టోకెన్ నంబరు తీసుకోవాలి. ఈలోగా డిమాండు నోటీసు వస్తే పోర్టల్లో ఒప్పుకోవడం లేదని జవాబివ్వాలి. కోసిన పన్నును మళ్లీ మననుంచి వసూలు చేయరాదని సెక్షన్ 205 ఉంది. బలవంతపు వసూళ్లు వద్దని సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) 2015 జూన్ 1న తన అధికారులకు ఆదేశాలిచ్చింది. 26ఏఎస్ సరయ్యాక సెక్షన్ 154 కింద సవరణ కోరాలి.

ఇక్కడ చెప్పిన సెక్షన్లు, ఫారాలు 1961 చట్టానివి. 2025-26 ఆదాయానికి ఇవే. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో నంబర్లు మారాయి. సవరణ స్టేట్‌మెంట్ల గడువు కూడా ఆరేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది, కాబట్టి పాత తప్పులను నాన్చడం కుదరదు.

రెండు రాష్ట్రాల ట్రెజరీ శాఖలను కోరేది ఒక్కటే. నెల స్లిప్పుతో పాటు డిసెంబరులో ఒక పన్ను లెక్క పత్రం కూడా ఇవ్వండి. అందులో సొంత పింఛను, ఫ్యామిలీ పెన్షన్ వేర్వేరు వరుసల్లో, కమ్యుటేషన్ పోగా మిగిలిన మొత్తం, ఏ విధానంలో లెక్కకట్టారు, రికార్డులో ఉన్న పాన్ చివరి నాలుగు అక్షరాలు ఉంటే చాలు. అభ్యంతరాలకు జనవరి 15 దాకా గడువిస్తే ఫిబ్రవరి బిల్లు తయారయ్యే లోపు దిద్దుకోవచ్చు.

ఇట్లు,
విశ్రాంత ట్రెజరీ అధికారి, రాజమహేంద్రవరం