ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచే ముందు

సంపాదకుల వారికి నమస్కారం.

ల్యాప్‌టాప్ నెమ్మదించిందని ఎవరైనా అనగానే ర్యామ్ (యంత్రం పని చేస్తున్నప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ) పెంచుకోమనే సలహా సిద్ధంగా ఉంటుంది. మీ పత్రిక సాంకేతిక శీర్షికలో పాఠకుల ప్రశ్నలకు వచ్చే జవాబులలోనూ ఈ మాట తరచుగా కనిపిస్తోంది. ర్యామ్ రెట్టింపు చేసినా రోజువారీ పనులలో తేడా ఏమీ తెలియలేదని, పెట్టిన డబ్బు దండగైందని చెప్పేవారూ అంతే గట్టిగా చెబుతుంటారు. ఇరువర్గాలూ తమ అనుభవం మేరకు నిజమే చెబుతున్నాయని నా అభిప్రాయం. మెమరీ చాలని యంత్రానికి మెమరీ చేర్చితే మార్పు మొదటి రోజే తెలుస్తుంది. చాలినంత ఇప్పటికే ఉన్న యంత్రానికి ఎంత చేర్చినా వేగం దాదాపు అక్కడే ఉంటుంది. తన యంత్రం ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో చూసుకునే సాధనం ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఉండగా, దాని ప్రస్తావనే లేకుండా కొనుక్కోమని సలహా ఇవ్వడం నాకు అభ్యంతరకరంగా తోస్తోంది.

నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ తనకు అప్పటికప్పుడు కావలసిన సమాచారాన్ని ర్యామ్‌లో ఉంచుకుంటుంది. ర్యామ్ నిండిపోయే స్థితి వచ్చినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ సాధారణంగా ప్రోగ్రాములను ఆపివేయదు; కాసేపటినుంచి వాడకంలో లేని భాగాలను ముందు కుదించి ర్యామ్‌లోనే ఉంచుతుంది (ఈ పద్ధతి మ్యాక్‌లో 2013 నుంచి, విండోస్‌లో పదో వెర్షన్ నుంచి ఉంది), అదీ చాలకపోతే వాటిని డిస్కు మీదికి తరలించి, మళ్లీ అవసరం పడినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. మనకు విసుగు పుట్టించే జాప్యమంతా ఈ తరలింపులో ఉంది. ర్యామ్ నుంచి ఒక అంశాన్ని చదవడానికి దాదాపు 100 నానోసెకన్లు పడుతుంది. అదే అంశం ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చిప్పులతో చేసిన డిస్కు) మీద ఉంటే సుమారు 100 మైక్రోసెకన్లు, తిరిగే హార్డ్‌డిస్కు మీద ఉంటే సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంత చిన్న కాలాలు ఊహకు అందవు కనుక, ర్యామ్ తీసుకునే సమయాన్ని ఒక సెకను అనుకుందాం. అదే లెక్కన ఎస్‌ఎస్‌డీకి 16 నిమిషాలకు పైగా, హార్డ్‌డిస్కుకు ఒక రోజు మీద మరో 3 గంటలకు పైగా పడుతుంది. ఒక ట్యాబ్ నుంచి ఇంకో ట్యాబ్‌కు మారగానే పేజీ తెల్లగా ఉండిపోవడం, టైపు చేసిన అక్షరాలు కాసేపు ఆగి ఒక్కసారిగా తెర మీదికి రావడం, మినిమైజ్ చేసిపెట్టిన ఫైలును పైకి తెస్తే డిస్కు లైటు ఆగకుండా మిణుకుమనడం చాలావరకు ఈ కొరత లక్షణాలే.

కొరత ఉన్నదో లేదో చూడడం కష్టమేమీ కాదు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులోని పెర్ఫార్మెన్స్ విభాగంలో మెమరీ పేజీ ఉంటుంది. యంత్రాన్ని అప్పుడే ఆన్ చేసి చూస్తే ప్రయోజనం లేదు. రోజూ వాడే ఫైళ్లు, ట్యాబులు, వీడియో సమావేశం అన్నీ తెరిచి, ల్యాప్‌టాప్ ఇబ్బంది పెట్టే స్థితికి వచ్చాక చూడాలి. అప్పుడు కూడా శాతం అంకెను మాత్రమే చూసి నిర్ణయానికి రాకూడదు. 8 జీబీ యంత్రంలో వాడకం 70 శాతం కనిపించినంత మాత్రాన మెమరీ చాలడం లేదని కాదు, ఎందుకంటే దొరికిన మెమరీని ఊరకే ఖాళీగా ఉంచడం వల్ల ఎవరికీ లాభం లేదని ఆపరేటింగ్ సిస్టమూ, బ్రౌజరూ రెండూ ఎరిగే పని చేస్తాయి. ర్యామ్ రెట్టింపు చేశాక వాడకం అంకె కూడా పెరగడం చూసి కొత్తదీ అప్పుడే నిండిపోతోందని బెంగపడేవారు ఉన్నారు. అది అనవసరమైన బెంగ.

శాతం కంటే నమ్మదగినవి మరి రెండు ఉన్నాయి. అదే పేజీలో కమిటెడ్ అని ఒక జత అంకెలు ఉంటాయి. వాటిలో మొదటిది, అంటే ప్రోగ్రాములకు ఇస్తానని సిస్టమ్ ఒప్పుకున్న మొత్తం మెమరీ, అమర్చిన ర్యామ్ కంటే బాగా ఎక్కువగా ఉంటే అనుమానించాలి. విండోస్‌లోనే ఉండే రిసోర్స్ మానిటర్‌లో కనిపించే హార్డ్ ఫాల్ట్స్ (కావలసినది ర్యామ్‌లో లేక డిస్కు నుంచి తేవలసి వచ్చిన సందర్భాలు) గ్రాఫు ఆ అనుమానాన్ని తీర్చుతుంది. ఏదైనా ప్రోగ్రామును తెరిచిన క్షణంలో ఆ గీత పైకి లేవడం సహజమే. పని చేస్తున్నంతసేపూ, ముఖ్యంగా ట్యాబ్ మారిన ప్రతిసారీ లేస్తూ, దానితోపాటు డిస్కు వాడకమూ పెరుగుతూ ఉంటే కొరత ఉన్నట్టే. మ్యాక్ వాడేవారు యాక్టివిటీ మానిటర్‌లోని మెమరీ ప్రెషర్ గ్రాఫును చూస్తే చాలు. అది ఆకుపచ్చగా ఉన్నంతకాలం దిగులు లేదు, ఎరుపు తేలితే చాలడం లేదని అర్థం. లినక్స్‌లో ఫ్రీ అనే ఆదేశం ఇస్తే అవైలబుల్ అనే నిలువు వరుసను చూడాలి కానీ, ఎప్పుడూ తక్కువగానే కనిపించే ఫ్రీ అనే వరుసను కాదు.

ఇక ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి పెంచితే ఎంత ఫలితం అన్నది. 4 జీబీ నుంచి 8 జీబీకి మారినవారికి తేడా తెలియకపోవడం అరుదు. విండోస్ 11కు కనీస అవసరం 4 జీబీ అని మైక్రోసాఫ్ట్ ప్రకటించిన మాట నిజమే, కానీ కనీస అవసరం అంటే అది తెరుచుకుని నడుస్తుందన్న హామీ మాత్రమే. దాని మీద బ్రౌజరూ, వీడియో సమావేశమూ ఒకేసారి సుఖంగా నడుస్తాయన్న హామీ అందులో లేదు. పైగా విడిగా గ్రాఫిక్స్ చిప్పు లేని ల్యాప్‌టాప్‌లలో తెర కోసం కొంత భాగం ఆ 4 జీబీలోంచే పోతుంది. 8 నుంచి 16కు మారడం మాత్రం పూర్తిగా మనిషిని బట్టి ఉంటుంది. ఒక ఉత్తరం రాసుకుని, నాలుగు పేజీలు చదివి మూసేసేవారికి ఆ ఖర్చు కనిపిస్తుంది కానీ ఫలితం కనిపించదు. పదుల కొద్దీ ట్యాబులు తెరిచి ఉంచుతూ, పెద్ద లెక్కల పట్టికలు, సమావేశాలు ఒకేసారి నడిపేవారికి బాగా తెలుస్తుంది. క్రోమ్ 2008లో వచ్చినప్పటి నుంచీ ట్యాబులను వేర్వేరు ప్రాసెస్‌లుగా, అంటే విడివిడి ప్రోగ్రాముల్లా, విడదీసి నడుపుతోంది. ఒక ట్యాబ్ కుప్పకూలినా మిగతావి నిలబడేది అందువల్లే, మెమరీ ఎక్కువ పట్టేదీ కొంతవరకు అందువల్లే. యాపిల్ సంస్థ 2024 అక్టోబరులో మ్యాక్‌బుక్ ఎయిర్ కనీస మెమరీని 8 నుంచి 16 జీబీకి పెంచింది, కాబట్టి ఈ 16 అన్నది అత్యాశ ఏమీ కాదు. వీడియో ఎడిటింగ్, వర్చువల్ మెషీన్లు (ఒక కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్ ఉన్నట్టు నడపడం) వంటి పనులు లేనివారికి 32 జీబీ వల్ల ఒరిగేది మాత్రం నాకు తెలిసి దాదాపు ఏమీ లేదు.

ర్యామ్ చేయలేని పనులను కూడా మీ శీర్షిక చెప్పాలి. ఆన్ చేశాక తెర వచ్చేందుకు నిమిషాలు పడుతోందంటే కారణం చాలావరకు తిరిగే హార్డ్‌డిస్కే, కాబట్టి అటువంటి పాత ల్యాప్‌టాప్‌కు మొదట చేయవలసిన మార్పు ఎస్‌ఎస్‌డీ. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్నా, ఫ్యాన్ దుమ్ముపట్టి వేడికి ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటున్నా, ర్యామ్ ఎంత పోసినా లాభం లేదు. ర్యామ్ మార్చిన రోజున యంత్రం చురుకుగా అనిపించడానికి మరో చిన్న కారణం కూడా ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వల్ల షట్‌డౌన్ చేసినా సిస్టమ్ అంతా కొత్తగా మొదలవదు. పాత స్థితిలో కొంత డిస్కులో భద్రమై తిరిగి వస్తుంది. రీస్టార్ట్ చేసినప్పుడో, ర్యామ్ మార్చినప్పుడో సాధారణంగా పూర్తిగా కొత్తగా మొదలవుతుంది. వారాల తరబడి మూత వేసి, తీసి వాడుతున్న ల్యాప్‌టాప్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి చూడమని ఎందుకో ఎవరూ చెప్పరు.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి. చాలా ల్యాప్‌టాప్‌లు రెండు స్లాట్లు ఉండి కూడా ఒకే ర్యామ్ పలకతో వస్తాయి. రెండో స్లాట్‌లో సమానమైన పలక పెడితే మెమరీ పరిమాణమే కాక, ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య దారి కూడా సిద్ధాంత రీత్యా రెట్టింపు అవుతుంది. ఉత్తరాలు రాసుకునేవారికి ఈ తేడా కనిపించదు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆటలు ఆడేవారికి మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. ర్యామ్ పెంచగానే ఆటలు సాఫీగా నడిచాయని చెప్పేవారిలో కొందరి విషయంలో పని చేసింది అదనపు జీబీల కంటే ఈ రెండో దారేనని నా అనుమానం.

కొనే ముందు రకం చూసుకోవడం తప్పనిసరి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అనే మూడు తరాల ర్యామ్ పలకలు ఒకదాని స్థానంలో ఒకటి పట్టవు. ల్యాప్‌టాప్ పలకలకు వరుసగా 204, 260, 262 పిన్నులు ఉంటాయి, గాడి ఉండే చోటు కూడా వేరు. వేర్వేరు వేగాల పలకలు కలిస్తే సాధారణంగా రెండూ తక్కువ వేగానికే నడుస్తాయి. మదర్‌బోర్డు ఎంతవరకు ఒప్పుకుంటుందో తయారీదారు పత్రంలో ఉంటుంది. విండోస్ 32 బిట్ వెర్షన్ ఉన్న పాత యంత్రమైతే 4 జీబీకి మించి పెట్టినా అది వాడుకోదు.

వీటన్నింటికంటే ముందు, అసలు మార్చే వీలు ఉందా అన్నది తేలాలి. పలుచని ల్యాప్‌టాప్‌లలో అధికభాగం ఇప్పుడు ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించి వస్తున్నాయి. ఇలా అతికించే ఎల్‌పీడీడీఆర్ రకం మెమరీ చిప్పులు తక్కువ విద్యుత్తు తీసుకుంటాయి, మందం తగ్గుతుంది, కాబట్టి తయారీదారుల వాదనలో పస ఉంది. అయినా ఆ వాదనతో కొన్న రోజున తీసుకున్న నిర్ణయమే యంత్రం జీవితకాలమంతా నడవాలి. మూడేళ్ల తర్వాత అవసరం పెరిగితే మొత్తం ల్యాప్‌టాప్‌నే మార్చుకోవాలి. మెమరీ ప్రమాణాలను నిర్ణయించే సంస్థ జెడెక్ 2023 డిసెంబరులో ప్రకటించిన క్యామ్2 ప్రమాణం ఎల్‌పీడీడీఆర్ మెమరీని కూడా విప్పి మార్చుకునే పలకగా అమర్చే దారి చూపింది. దాన్ని పాటించే ల్యాప్‌టాప్‌లు మాత్రం ఇంకా కొన్నే ఉన్నాయి.

అందువల్ల మీకు నా విన్నపం ఇది. కొత్త ల్యాప్‌టాప్‌లను పరిచయం చేసేటప్పుడు మీ పేజీలో తెర కొలత, బరువు, కెమెరా వివరాలు శ్రద్ధగా వేస్తున్నారు. వాటి పక్కన మెమరీ అతికించినదా, స్లాట్‌లో ఉన్నదా, ఖాళీ స్లాట్ మిగిలి ఉందా, గరిష్ఠంగా ఎంతవరకు పెంచవచ్చు అన్న సంగతి కూడా ఒక పంక్తిలో వేయండి. పాఠకుడు తన యంత్రం నెమ్మదించిందని రాసినప్పుడు, జవాబు ఇచ్చేవారు ముందుగా ఆ మెమరీ పేజీలోని అంకెలను పంపమని అడిగితే బాగుంటుంది.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు