పదిహేనో మెషిన్

సంపాదకుల వారికి,

విశాఖలో గూగుల్ ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడుతుందని 2025 అక్టోబరులో ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి మా గాజువాక టీ కొట్లో కూడా డేటా సెంటర్ల మాటే. సంతోషం. నేను రుషికొండ వైపు ఓ చిన్న ఆఫీసులో సర్వర్లు చూసుకుంటుంటాను. మా కాలేజీలవాళ్ల చెవిన వెయ్యాల్సింది ఒకటుంది.

మొన్న వానల్లో ఓ రాత్రి ఇంటి నుంచే ఒక వర్చువల్ మెషిన్‌కి (పెద్ద సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్) నెట్‌వర్క్ మారుస్తూ ఐపీ అడ్రసులో ఒక అంకె తప్పు కొట్టాను. నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచి మెషిన్‌లోకి వెళ్లే దారి, ఎస్‌ఎస్‌హెచ్, అక్కడే బిగుసుకుపోయింది. ఇంట్లో కరెంటు లేదు, నెట్ ఫోన్‌లోంచి వాడుతున్నాను. మెషిన్ తెరని బొమ్మగా చూపించే గ్రాఫికల్ కన్సోల్ సగం వచ్చి ఆగింది. సరే, ఆ మెషిన్‌ని నడిపే అసలు సర్వర్, అంటే హోస్ట్, చేతిలోనే ఉంది కదా అని అందులో ‘విర్ష్ కన్సోల్’ అనే కమాండ్ కొట్టి మెషిన్ పేరిచ్చాను. ఇది హోస్ట్ నుంచి నేరుగా మెషిన్‌లోకి అక్షరాలు పంపే సీరియల్ పోర్టు దారి, సీరియల్ కన్సోల్ అంటాం. మెషిన్‌కి నెట్‌వర్క్ లేకపోయినా పనిచేస్తుంది, వచ్చేవి అక్షరాలే కాబట్టి ఎంత నీరసం సిగ్నలైనా చాలు. కనెక్టయింది. ఎంటర్ కొట్టాను. మళ్లీ కొట్టాను. నల్ల తెర, కర్సర్, అంతే.

ఆ మెషిన్ పెట్టిన రోజే గ్రబ్‌లో (మెషిన్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) కెర్నెల్‌ని, అంటే లినక్స్ గుండెకాయని, మొదలుపెట్టే లైను చివర ‘కన్సోల్=టీటీవైఎస్0,115200’ అని చేర్చి ఉంటే లాగిన్ అడిగేది. మా 15 మెషిన్లలో 14కి చేర్చాను. దీనికి మాత్రం ‘రేపు చూద్దాంలే’ అనుకున్నాను. మెషిన్ ఆపి డిస్కులో సరిదిద్దొచ్చు గానీ, లోపల నెలాఖరు లెక్కలు నడుస్తున్నాయి, ఆపితే మళ్లీ మొదటికొస్తాయి. రెయిన్‌కోటు తగిలించుకుని బండి మీద ఎన్‌ఏడీ, హనుమంతవాక మీదుగా ఆఫీసుకెళ్లి, అక్కడ గ్రాఫికల్ కన్సోల్ తెరిచి, తడిసిన చేతులతో ఒక్క అంకె మార్చి వచ్చాను.

తప్పు నాదే. కానీ ఇంటర్వ్యూకి వచ్చే పిల్లల్ని ‘ఎస్‌ఎస్‌హెచ్ రాకపోతే ఏం చేస్తావమ్మా?’ అంటే, ‘రీస్టార్ట్ చేస్తా సర్’ అంటారు. సీరియల్ కన్సోల్ పేరు విన్నవాళ్లు తక్కువ. విన్నవాళ్లకీ బయటికి ఎలా రావాలో తెలియక విండో మూసేస్తారు. కంట్రోల్ పట్టుకుని మూసే చదరపు బ్రాకెట్ నొక్కాలి. అంతకన్నా ముందు లాగౌట్ అవ్వాలి, లేదంటే మీ తర్వాత వచ్చినవాడికి రూట్, అంటే సర్వాధికారాలున్న అకౌంట్, తెరిచే దొరుకుతుంది!

దీనికి కొత్త ల్యాబులేం కట్టక్కర్లేదు. వర్చువల్ మెషిన్లు నడిపే కేవీఎం 2007 నుంచీ లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది, ఉచితం. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలు ఫైనలియర్ ల్యాబ్ పరీక్షలో ఒక్క అరగంట కేటాయించి, నెట్‌వర్క్ తెగిన మెషిన్‌ని పిల్లల ముందు పెట్టి, మౌస్ పక్కన పెట్టించి బాగుచెయ్యమంటే చాలు.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మిన్,
గాజువాక, విశాఖపట్నం