తోడుండే చేతులకు

అమ్మలూ,

వచ్చే నెల డూలాగా, అంటే కాన్పు వేళ తల్లి పక్కనుండి ధైర్యం చెప్పే తోడుమనిషిగా, తొలిసారి ఒకమ్మాయి కాన్పుకి వెళ్తున్నావు. ముందు నీ హద్దు చెబుతాను, ఈ పనిలో కాలు జారేది అక్కడే. మంత్రసాని బిడ్డను పడుతుంది, డూలా పట్టదు. లోపల చెయ్యి పెట్టి చూడటం, బీపీ, బిడ్డ గుండె చప్పుడు, మందులు, ఇవన్నీ నర్సమ్మవి, డాక్టరమ్మవి. “ఇంకా టైముందిలెండి” అని కూడా అనకు. ఇంట్లోవాళ్ళు నీ మాట పట్టుకుని ఆలస్యం చేస్తారు.

36వ వారంలో ఒకసారి వాళ్ళింటికి వెళ్ళు. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు గదిలోకి తోడు మనిషిని రానివ్వమని కేంద్రం 2016లోనే చెప్పింది, అయితే ఆ తోడు ఆడ బంధువై ఉండాలంది. ప్రైవేటులో ఎవరిని రానిస్తారో ఆసుపత్రిని ముందే అడుగు. నీకు అనుమతి లేకపోతే లోపలికి వెళ్ళే వాళ్ళమ్మకో అత్తగారికో కింద రాసినవన్నీ నేర్పు. అప్పుడు నువ్వు బయట ఉన్నా ఆ పిల్ల ఒంటరి కాదు.

నొప్పులు మొదలయ్యాయని ఫోన్ వస్తే గడియారం చూడమను. ఒక నొప్పి మొదలైన దగ్గర్నుంచి తర్వాతి నొప్పి మొదలయ్యేదాకా లెక్క. దొంగ నొప్పులైతే నీళ్ళు తాగి, కాస్త నడిచో పడుకునో చూస్తే సద్దుమణుగుతాయి. అసలువి దగ్గరపడుతూ, బలపడుతూ వస్తాయి. తొలి కాన్పు, ఏ ఇబ్బందీ లేదు, ఆసుపత్రి దగ్గరే అనుకో: 5 నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు అలాగే వస్తుంటే బయల్దేరొచ్చు. మలిచూలైనా, ఊరు దూరమైనా అంతదాకా ఆగొద్దు. గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు దశ మొదలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అంతకుముందు గంటలు గంటలు పట్టడం మామూలే. ఆ వేళంతా నడిపిస్తే నెట్టే సమయానికి ఒంట్లో ఓపిక ఉండదు. పడుకోనివ్వు. డాక్టరు వద్దనకపోతే ఇడ్లీ, మజ్జిగ, కొబ్బరినీళ్ళు కొంచెం కొంచెంగా ఇవ్వు. నొప్పులు పెరగాలని ఎవరైనా ఆముదం తెస్తే డాక్టరును అడగకుండా పట్టనివ్వొద్దు. విరేచనాలై నీరసపడుతుంది.

నొప్పి నడుములోనే పట్టేస్తుంటే బిడ్డ వీపు తల్లి వీపు వైపు ఉందేమో. మంచం మీద మోకాళ్ళూ చేతులూ ఆనించి వంగమను. పిరుదుల నడుమ గీత మొదలయ్యే చోటికి కాస్త పైన పలకలాంటి ఎముక ఉంటుంది. అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగం అక్కడ ఆనించి, మోచెయ్యి వంచకుండా, నీ ఒంటి బరువుతో నొక్కు. భుజంతో తోస్తే పదో నొప్పికే నీ చెయ్యి పడిపోతుంది. నొప్పి మొదలవుతూనే నొక్కి, పూర్తిగా తగ్గాకే తియ్యి. చోటు అంగుళం తప్పినా హాయి ఉండదు, “పైకా, కిందికా?” అని ఒక్క మాట అడుగు. నొప్పి మధ్యలో అంతకంటే ఎక్కువ మాటలొద్దు.

వేళ్ళు, పెదాల చుట్టూ తిమ్మిరంటే ఊపిరి మరీ వేగంగా తీస్తోందన్నమాట. “పీల్చు” అనకు, “వదులు, ఇంకా వదులు” అను. నువ్వూ పక్కనే నెమ్మదిగా వదులుతుంటే ఆమె నీ ఊపిరిని పట్టుకుంటుంది. రెండు గంటలకోసారి ఒంటేలుకి వెళ్ళాలని గుర్తుచెయ్యి. నిండిన మూత్రాశయం బిడ్డ తల దిగడానికి అడ్డొస్తుంది, చాలామంది మరిచేది ఇదే.

ముఖద్వారం పూర్తిగా తెరుచుకోగానే “ముక్కమ్మా, ముక్కు” అని అరవడం చాలాచోట్ల ఉంది. ముక్కాలన్న తోపు తనంతట తానే వచ్చేదాకా ఆగడం మంచిది. పొట్ట పైనుంచి నొక్కి బిడ్డను తొయ్యడం తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. కానీ అక్కడ డాక్టరుతో వాదనకి దిగకు. ఆమెకి ఏది ఇష్టమో, ఏది వద్దో ముందే రాయించి డాక్టరుతో మాట్లాడించు. గదిలో మాత్రం “నీకేం కావాలో చెప్పమ్మా” అని ఆమెనే అడుగు. నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే ఎపిడ్యూరల్ మందు అడిగినా, సిజేరియన్ అయినా ఆమె ఓడిపోయినట్టు నీ ముఖంలో కనపడకూడదు. అప్పుడే నీ తోడు మరీ అవసరం.

రక్తం కారినా, ఉమ్మనీరు పచ్చగా వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా, తలపోటుతో కళ్ళు మసకబారినా గడియారం పక్కనపెట్టి ఆసుపత్రికి పద. నీళ్ళుపోయి బొడ్డుతాడు బయటికొస్తే దాన్ని ముట్టుకోకు, లోపలికి తొయ్యకు. మోకాళ్ళ మీద ముందుకు వంచి, తల కిందికి, పిరుదులు పైకి ఉంచి 108కి ఫోన్ చెయ్యి.

బిడ్డ పుట్టాక ఇద్దరూ బాగుంటే గంటసేపు తల్లి ఒంటి మీదే ఉండనిచ్చేలా ముందే అడిగిపెట్టు. ఆ గంటలో అందరి చూపూ బిడ్డ మీదే ఉంటుంది, నువ్వు తల్లిని చూడు. ప్యాడ్ గంటలోపే తడిసి ముద్దైనా, ముఖం పాలిపోయినా నర్సును పిలు.

గోళ్ళు కత్తిరించుకో. ఉంగరాలు, గాజులు తీసెయ్. సెంటు పూసుకోకు, నొప్పుల్లో ఆ వాసనకే వాంతి వస్తుంది. పులిహోర పొట్లం ఒకటి సంచిలో వేసుకో, అయితే ఆమె ముందు తినకు, బయటికెళ్ళి తిని రా.

మీ అమ్మ